ఉపాధి కల్పన, రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్పడం)పై ప్రభుత్వ ఖర్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం పోయినవాళ్లు, పోతుందేమోనని భయపడుతున్నవాళ్లు, పన్ను కడుతూ ‘ఈ డబ్బంతా ఎటు పోతోంది’ అని నిలదీసేవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి సూటిగా జవాబులు రాయడానికి ప్రయత్నించాను. కొన్నిచోట్ల నా అభిప్రాయం కూడా ఉంది. అది అభిప్రాయమేనని తెలిసేలా రాశాను.

‘ఉపాధి కోసం ఖర్చు’ అంటే అసలు దేనికి ఖర్చు పెడతారు?

పద్దులు చాలా ఉంటాయి. ప్రభుత్వమే రోడ్లు, చెరువులు, భవనాల పనులు పెట్టి కూలి ఇవ్వడం ఒకటి. కొత్తవాళ్లను తీసుకునే యజమానికి జీతంలో కొంత భాగం భరించడం ఇంకొకటి. శిక్షణ, పని చేస్తూ నేర్చుకునే అప్రెంటిస్‌షిప్, ఉద్యోగం వెతికి పెట్టే కేంద్రాలు, సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకునేవాళ్లకు సాయం, ఇవి మిగిలినవి. వీటన్నిటినీ కలిపి ఆర్థికవేత్తలు క్రియాశీల ఉపాధి విధానాలు అంటారు. నిరుద్యోగ భృతిని మాత్రం వేరే లెక్కలో రాస్తారు.

ఏ దేశం ఎంత పెడుతుందన్నది చూస్తే తేడా విపరీతంగా ఉంటుంది. డెన్మార్క్ చాలా ఏళ్లుగా తన జీడీపీలో సుమారు 2 శాతం దాకా ఈ క్రియాశీల పద్దుకే పెడుతూ వచ్చింది. అమెరికాలో అది 0.1 శాతం దగ్గరే ఉంటుంది. అంటే దాదాపు ఇరవై రెట్ల తేడా. రెండూ ధనిక దేశాలే కాబట్టి దీన్ని డబ్బు లేకపోవడం అనలేం. ఉద్యోగం పోయిన మనిషి బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు ఒక్కో సమాజం ఇచ్చుకున్న జవాబు అది.

ప్రభుత్వం నిజంగా ఉద్యోగాలు సృష్టించగలదా?

సృష్టించగలదు. ఎప్పుడు, ఎలా అన్నదే అసలు విషయం.

1931లో రిచర్డ్ కాన్ అనే ఆర్థికవేత్త ఒక లెక్క వేశారు. ప్రభుత్వం రోడ్డు పనికి ఒక కూలీని పెడితే, ఆ కూలి డబ్బుతో అతను బట్టలు కొంటాడు, బట్టలు అమ్మినవాడు మరొకటి కొంటాడు, అలా మొదటి ఉద్యోగం వెనక మరికొన్ని పుడతాయి. దీన్నే గుణకం అంటారు. 1936లో మరో ఆర్థికవేత్త కీన్స్ ఈ ఆలోచనను తన సిద్ధాంతంలో కీలకం చేసుకున్నారు. చేయడానికి మనుషులున్నా పని లేక ఖాళీగా ఉన్నప్పుడు ఈ గుణకం బాగా పనిచేస్తుంది. అందరికీ పని ఉన్న కాలంలో ప్రభుత్వం అదే ఖర్చు పెడితే ప్రైవేటు పనుల నుంచి మనుషులను లాక్కోవడం, ధరలు పెరగడం తప్ప పెద్దగా ఒరిగేది ఉండదు.

మహా మాంద్యంలో అమెరికా చేసింది బాగా నమోదైన ఉదాహరణ. ప్రభుత్వమే పనులు పెట్టి కూలి ఇచ్చే డబ్ల్యూపీఏ అనే పథకం 1935 నుంచి 1943 దాకా నడిచింది, అందులో సుమారు 85 లక్షల మంది పనిచేశారు. దానికి రెండేళ్ల ముందు మొదలైన, యువకులకు అడవుల్లో పని ఇచ్చే సీసీసీ అనే పథకంలో దాదాపు 30 లక్షల మంది యువకులు చేరి అడవులు పెంచారు, 300 కోట్లకు పైగా చెట్లు నాటారు. అందులో నాకు బాగా నచ్చిన విషయం జీతం పంపకం. కుర్రాడికి నెలకు 30 డాలర్లు ఇచ్చేవారు, అందులో 25 డాలర్లు ఇంటికి పంపాల్సిందే. బిడ్డ అడవిలో, డబ్బు ఇంట్లో. పథకం రాసినవాళ్లు కుర్రాడి వెనక ఉన్న పొయ్యిని కూడా చూశారన్నమాట.

ఇవన్నీ గుంత తవ్వి గుంత పూడ్చే పనులేగా?

కొన్ని అలాంటివే ఉంటాయి, కాదనను. కానీ డబ్ల్యూపీఏ వేసిన, బాగుచేసిన రోడ్లు 10 లక్షల కిలోమీటర్లకు పైనే. న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయం ఆ పథకం కిందే కట్టారు. పని ఎంపిక ఎవరి చేతిలో ఉంది, కొలతలు ఎవరు తీస్తున్నారు, సామగ్రికి డబ్బు ఉందా అన్నదాన్ని బట్టి నాణ్యత ఉంటుంది. కూలికి మాత్రమే డబ్బిచ్చి సిమెంటుకి, ఇంజినీరుకి ఇవ్వకపోతే కట్టింది నిలవదు. భారత్‌లో 2005లో చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం కూలికీ సామగ్రికీ 60:40 నిష్పత్తి పెట్టింది: ఖర్చులో కనీసం 60 శాతం కూలికి, మిగతాది సామగ్రికి. ఏడాదికి 100 రోజుల పని హామీ, అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే భృతి ఇవ్వాలన్న నిబంధన ఆ చట్టంలోనివే. పనిని దయగా ఇవ్వకుండా హక్కుగా రాసిన చట్టాలు ప్రపంచంలో చాలా తక్కువ.

పని ఎందుకు? ఆ డబ్బేదో ఖాతాలో వేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆస్ట్రియాలోని మారియంథాల్ గుర్తొస్తుంది. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1929, 1930 ప్రాంతంలో మిల్లు మూతపడింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే సామాజిక పరిశోధకుల బృందం అక్కడికి వెళ్లి జనం ఎలా బతుకుతున్నారో దగ్గరగా చూసి 1933లో ప్రచురించింది.

పని లేకపోతే చేతినిండా సమయం కదా, చదువుకుంటారు, ఊరి వ్యవహారాలు చూసుకుంటారు అనుకుంటాం. జరిగింది దానికి తలకిందులు. ఊరి లైబ్రరీ నుంచి జనం తీసుకెళ్లే పుస్తకాలు రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. పరిశోధకులు కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో మనుషుల నడక వేగాన్ని గడియారంతో కొలిచారు. మగవాళ్ల నడక నెమ్మదించింది. నాలుగు అడుగులు వేసి ఆగేవాళ్లు, మళ్లీ నాలుగు అడుగులు. ఎక్కడికీ తొందరగా వెళ్లాల్సిన పని లేదు. ఆడవాళ్లు మాత్రం అంత నెమ్మదించలేదు, వాళ్లకు ఇంటి పని ఉంది. భృతి ఎంతో కొంత అందుతున్న ఊరే అది. డబ్బు తక్కువే, ఆ ఇబ్బంది నిజమే. కానీ నడకను ఆపేసింది డబ్బు ఒక్కటే కాదని ఆ కొలతలు చెబుతాయి.

అదే ఊళ్లో 2020 అక్టోబరులో దీర్ఘకాలంగా పని లేనివాళ్లందరికీ జీతంతో కూడిన ఉద్యోగ హామీ ప్రయోగం మొదలుపెట్టారు. ఇష్టమున్నవాళ్లే చేరేవారు.

నగదు సాయానికి నేను వ్యతిరేకిని కాను. పని చేయలేని వృద్ధులకు, జబ్బుతో ఉన్నవాళ్లకు, పసిపిల్లల తల్లులకు నగదే సరైనది. పని చేయగలిగి, చేయాలని ఉన్నవాళ్లకు మాత్రం పనే చూపించాలి.

రీస్కిల్లింగ్ నిజంగా ఫలితం ఇస్తుందా?

ఇస్తుంది, కానీ ఆలస్యంగా. దీని మీద ప్రభుత్వాలు మోసపోయేది, జనాన్ని మోసపుచ్చేది ఈ ఆలస్యం దగ్గరే.

డేవిడ్ కార్డ్, జోకెన్ క్లూవ్, ఆండ్రియా వెబర్ అనే ఆర్థికవేత్తలు ఇలాంటి ఉపాధి పథకాలపై వివిధ దేశాల్లో జరిగిన 200కు పైగా అధ్యయనాలను కలిపి చూసి 2018లో ప్రచురించారు. పథకం ముగిసిన మొదటి ఏడాదిలో సగటు ఫలితం దాదాపు సున్నా. రెండు మూడేళ్లు గడిచాక చూస్తే మెరుగైన ఫలితం కనిపించింది, ముఖ్యంగా శిక్షణ పథకాల్లో. ప్రభుత్వ రంగంలో తాత్కాలికంగా పని ఇచ్చే పథకాలు ఆ తర్వాత బయట ఉద్యోగం దొరకడానికి పెద్దగా తోడ్పడలేదని కూడా అందులోనే తేలింది. మాంద్యంలో పూట గడవడానికి తాత్కాలిక పని అవసరమే. దాన్ని భవిష్యత్తుకు మెట్టు అని చెప్పి ఇస్తే మాత్రం తప్పు.

అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 1992లో మొదలైన ప్రాజెక్ట్ క్వెస్ట్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. నర్సింగ్ లాంటి, స్థానికంగా మనుషులు కావాల్సిన వృత్తులనే ఎంచుకుని ఎక్కువ కాలం శిక్షణ ఇస్తారు. చేరినవాళ్ల, లాటరీలో సీటు రానివాళ్ల ఆదాయాలను ఏళ్ల తరబడి పోల్చారు. చదువుతున్న కాలంలో చేరినవాళ్లే వెనకబడ్డారు, ఎందుకంటే పని మానేసి క్లాసులో కూర్చున్నారు. ఆ తర్వాత దాటేశారు, ఆ ఆధిక్యం పదేళ్లు దాటినా నిలిచింది. మొదటి ఏడాది నివేదిక చూసి ‘దండగ’ అని మూసేసి ఉంటే ఆ పదేళ్ల లాభం ఎవరికీ తెలిసేది కాదు.

మరి చాలాచోట్ల సర్టిఫికెట్లు గుట్టలుగా ఉన్నాయి, ఉద్యోగాలు ఎందుకు లేవు?

నేను ఒకసారి కొద్దిరోజులు కూర్చుని చూసిన వెల్డింగ్ బ్యాచ్ గురించి చెబుతాను. ముప్ఫై మంది, ఒక్క వెల్డింగ్ మెషిన్, మూడు హెల్మెట్లు. ట్రైనర్ మంచివాడు, పని తెలిసినవాడు. ఒక్కొక్కరికీ రోజుకు పది నిమిషాలు రాడ్ పట్టుకునే అవకాశం వచ్చేది. మిగతా సమయం గోడకు ఆనుకుని చూడటమే. వెల్డింగ్ చూస్తే రాదు. ఆర్క్ (రాడ్‌కీ లోహానికీ మధ్య వచ్చే మెరుపు) నిలబడే దూరం చెయ్యికి అలవాటు కావాలి, అతుకు మీద వచ్చే పొరలు సమంగా ఉన్నాయో లేదో కంటికి తెలియాలి, అందుకు కిలోల కొద్దీ రాడ్లు కాల్చాలి. రాడ్లకు డబ్బు ఖర్చవుతుంది కాబట్టి లెక్కపెట్టి ఇచ్చేవారు. చివరి రోజు అందరికీ సర్టిఫికెట్ వచ్చింది. ఫొటో దిగారు. ఆ ముప్ఫై మందిలో కనీసం ఇరవై మంది ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టే చిన్న టెస్టులోనే ఆగిపోతారని ట్రైనర్‌కి తెలుసు. ఆ సాయంత్రం అతని ముఖంలో సంతోషం లేదు.

తప్పు ఆ ట్రైనర్‌ది కాదు. కేంద్రానికి డబ్బు ‘ఎంతమందికి శిక్షణ ఇచ్చారు’ అన్న లెక్క మీద వస్తుంది. తలల లెక్కకు డబ్బిస్తే తలలే వస్తాయి. అలాగని ప్లేస్‌మెంట్ లెక్క మీదే మొత్తం చెల్లింపు పెడితే ఇంకో జబ్బు పట్టుకుంటుంది: ఎలాగూ ఉద్యోగం దొరికే చురుకైనవాళ్లనే చేర్చుకుని, అసలు అవసరమున్నవాళ్లను గుమ్మంలోనే తిప్పి పంపుతారు. కొంత చేరినప్పుడు, కొంత నైపుణ్యాన్ని బయటివాళ్లు పరీక్షించాక, కొంత ఏడాది తర్వాత ఉద్యోగంలో ఉంటే, పైగా కష్టమైన నేపథ్యం నుంచి వచ్చినవాళ్లకు ఎక్కువ: ఇలా విడదీసి ఇచ్చే పద్ధతే ఉన్నవాటిలో నయం.

శిక్షణ ఉచితమే కదా, మధ్యలో ఎందుకు మానేస్తారు?

ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

అదే బ్యాచ్‌లో నలభై దాటిన ఒకాయన ఉండేవారు. పాత ఫ్యాక్టరీ మూతపడి వచ్చారు. ముందు వరుసలో కూర్చునేవారు, నోట్స్ రాసుకునేవారు. మూడో వారం రావడం మానేశారు. ఫోన్ చేసి అడిగితే, ‘లోడింగ్ పని దొరికింది, ఈ నెల వాయిదా కట్టాలి’ అన్నారు. అంతే. ఆయనకు నేర్చుకోవాలని లేక కాదు. ఫీజు ఉచితమే, కానీ మూడు నెలల జీతం ఉచితంగా ఎవరిస్తారు? పెద్దవాళ్ల శిక్షణలో అసలు ఖర్చు ఫీజు కాదు, ఆ కాలంలో రాని సంపాదన. దానికి బస్సు చార్జీలు, పిల్లల్ని చూసుకునే మనిషి ఖర్చు తోడవుతాయి. ఆడవాళ్లకైతే ఈ చివరిదే చాలాసార్లు చేరడమా మానడమా అన్నది తేల్చేస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విషయమేమీ కాదు. 1944లో అమెరికా, యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కోసం జీఐ బిల్ అనే చట్టం చేసినప్పుడు ఫీజుతో పాటు బతకడానికి నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉంటే 75 డాలర్లు ఇచ్చింది. 1956 నాటికి సుమారు 78 లక్షల మంది చదువుకో, శిక్షణకో దాన్ని వాడుకున్నారు. కాలేజీకి వెళ్లినవాళ్లు వాళ్లలో 22 లక్షలే. మిగతావాళ్లు వృత్తి శిక్షణ, పని నేర్చుకుంటూ శిక్షణ, వ్యవసాయ శిక్షణ లాంటివాటికి వెళ్లారు.

సింగపూర్ కూడా అనుభవంతో ఇదే దారికి వచ్చింది. స్కిల్స్‌ఫ్యూచర్ అనే పథకం కింద మొదట 25 ఏళ్లు దాటిన పౌరులకు కోర్సు ఫీజుకు 500 సింగపూర్ డాలర్ల క్రెడిట్ ఇచ్చారు. 2024లో 40 ఏళ్లు దాటినవాళ్లకు మరో 4,000 ఇచ్చారు. ఆ తర్వాత, పూర్తికాలం చదువుకునే ఆ వయసువాళ్లకు పాత ఆదాయంలో సగం దాకా, నెలకు 3,000 డాలర్లు మించకుండా, శిక్షణ భృతి కూడా మొదలుపెట్టారు. పదేళ్ల నడకలో ఫీజు దగ్గర మొదలై ఇంటి ఖర్చు దగ్గరికి వచ్చారు.

ఏ పథకంలోనైనా స్టైపెండ్ (శిక్షణ కాలంలో ఇచ్చే భృతి) పద్దు చూడండి. అది లేకపోయినా, టీ ఖర్చులకు చాలేంత ఉన్నా, ఆ శిక్షణ ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉన్నవాళ్లకే. బడ్జెట్ అదే ఉండి సీట్లు సగానికి తగ్గించాల్సి వచ్చినా సరే, స్టైపెండ్ ఇవ్వాలంటాను.

డబ్బు శిక్షణ కేంద్రాలకు కాకుండా నేరుగా మనిషి ఖాతాలో వేస్తే?

ఆలోచన మంచిదే. కాపలా లేకపోతే దొంగలపాలవుతుంది. ఇంగ్లండ్‌లో 2000లో వ్యక్తిగత శిక్షణ ఖాతాలు తెచ్చారు. ఎవరైనా శిక్షణ సంస్థగా నమోదు కావచ్చు, తనిఖీ నామమాత్రం. 2001 నవంబరులో, మోసాలు బయటపడి, హడావిడిగా మూసేయాల్సి వచ్చింది. ఫ్రాన్స్ 2019 నుంచి ప్రతి ఉద్యోగి ఖాతాలో ఏడాదికి 500 యూరోలు, గరిష్ఠంగా 5,000 దాకా జమ చేస్తోంది. తక్కువ చదువున్నవాళ్లకు ఇంకా ఎక్కువ. అక్కడా ఫోన్లు చేసి ఖాతాలు ఖాళీ చేయించే ముఠాలు పుట్టుకొచ్చాయి. 2022 డిసెంబరులో అలాంటి ఫోన్లు, మెసేజ్‌లను నిషేధిస్తూ చట్టం చేశారు.

కంపెనీలకు సబ్సిడీ ఇచ్చి ఉద్యోగాలు ఇప్పించడం మంచి పద్ధతేనా?

జాగ్రత్తగా వాడాలి. సబ్సిడీ లేకపోయినా తీసుకోబోయే మనిషినే తీసుకుని డబ్బు జేబులో వేసుకునే కంపెనీలు ఉంటాయి. సబ్సిడీ ఉన్నవాడిని తెచ్చి, లేనివాడిని పంపేసేవీ ఉంటాయి. ఏళ్ల తరబడి పని దొరకనివాళ్లకే పరిమితం చేస్తే ఈ నష్టం తగ్గుతుంది.

సంక్షోభంలో మాత్రం ఉన్న ఉద్యోగాన్ని నిలబెట్టడం, పోయాక వెతికిపెట్టడం కంటే చవక. జర్మనీలో కుర్జార్బైట్ అనే పద్ధతి ఉంది. కంపెనీ మనిషిని తీసేయకుండా పని గంటలు తగ్గిస్తుంది, నికర జీతంలో కోత పడిన మొత్తంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ప్రభుత్వ బీమా నిధి భరిస్తుంది. 2020 ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది దీని కింద ఉన్నారు. అదే నెలలో అమెరికాలో నిరుద్యోగం 14 శాతం దాటింది. అయితే ఇది మరీ ఎక్కువ కాలం సాగితే, ఎలాగూ మూతపడాల్సిన కంపెనీలోనే మనుషులు ఇరుక్కుపోతారు.

యాభై ఏళ్లు దాటినవాళ్లు కొత్త పని నేర్చుకోగలరా?

నేర్చుకోగలరు. ఇరవై ఏళ్లవాళ్లతో కలిపి అదే పుస్తకం ఇచ్చి కూర్చోబెడితేనే కష్టం. వాళ్ల చేతిలో ఉన్న పనికి ముందు విలువ కట్టి, పరీక్ష పెట్టి గుర్తింపు ఇచ్చి, తక్కువైన భాగమే నేర్పాలి. ముప్ఫై ఏళ్లు మోటార్లు విప్పి బిగించిన మనిషికి ‘ఇది స్క్రూడ్రైవర్’ అని మొదలుపెట్టడం అవమానం.

ఏఐ వల్ల ఏ ఉద్యోగాలు పోతాయో ముందే తెలుసుకుని శిక్షణ ఇవ్వవచ్చు కదా?

జాబితాలను నేను నమ్మను. ఉద్యోగం మొత్తంగా పోవడం కంటే అందులోని కొన్ని పనులు మారిపోవడం ఎక్కువ. పదేళ్ల తర్వాతి ఉద్యోగాన్ని ఊహించి కోర్సులు పెట్టేకంటే, ఉద్యోగం ఊడిన మనిషికి వెంటనే ఆదాయం, వెంటనే సలహా, వెంటనే సీటు దొరికే ఏర్పాటు చేయడం మేలు. స్వీడన్ కార్మిక సంఘాలు 1951లోనే ఈ దారి ఎంచుకున్నాయి. రెన్, మైడ్నర్ అనే ఇద్దరు సంఘ ఆర్థికవేత్తలు రూపొందించిన ఆ పద్ధతిలో, నిలబడలేని కంపెనీని కాపాడరు, అందులోని మనిషిని కాపాడతారు.

ఇంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

కొంత సాధారణ పన్నుల నుంచి, కొంత కంపెనీల జీతాల బిల్లు మీద వేసే సుంకం నుంచి. ఫ్రాన్స్‌లో 11 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలు జీతాల మొత్తంలో 1 శాతం శిక్షణకు కడతాయి. సింగపూర్‌లో అది 0.25 శాతం. బ్రిటన్ 2017 నుంచి, ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించిన జీతాల బిల్లుపై 0.5 శాతం అప్రెంటిస్ సుంకం వేస్తోంది. ‘నేను నేర్పిస్తే పక్క కంపెనీ ఎత్తుకుపోతుంది’ అని ప్రతి యజమానీ భయపడి ఎవరూ నేర్పని పరిస్థితికి ఇది విరుగుడు, అందరూ కడతారు కాబట్టి.

పథకం ఖర్చు సరిగ్గా అయిందో లేదో మామూలు మనిషి ఎలా చూడాలి?

బడ్జెట్‌లో కేటాయించిన మొత్తం చూసి ఆగిపోకండి. నిజంగా ఖర్చయినది ఎంతో ఏడాది తర్వాత వచ్చే పత్రాల్లో ఉంటుంది.

ఒక ఊహ లెక్క వేద్దాం. తలకు 10,000 చొప్పున వంద మందికి 10 లక్షలు ఖర్చు. చేరినవాళ్లు 100, పూర్తి చేసినవాళ్లు 70, ఉద్యోగం దొరికినవాళ్లు 40, ఏడాది తర్వాత అందులోనే ఉన్నవాళ్లు 25. ప్రకటనలో ‘మనిషికి 10,000’ అని వస్తుంది. నిలబడిన ఉద్యోగానికైతే 40,000. ఇక ఆ 25 మందిలో పది మందికి శిక్షణ లేకపోయినా ఉద్యోగం దొరికేదే అనుకుంటే, నిజంగా పథకం ఇచ్చిన ఉద్యోగాలు 15. ఒక్కోదానికి ఖర్చు 66,000 పైనే. ఈ మొత్తం చూసి భయపడక్కర్లేదు. మంచి ఉద్యోగం ఏళ్ల తరబడి నిలిస్తే ఆ ఖర్చు తిరిగొస్తుంది. లెక్క మాత్రం ఈ చివరి వరుస దాకా చెప్పమని అడగాలి.

ఏదైనా ప్రభుత్వ శిక్షణలో చేరే ముందు ఏం అడగాలి?

పోయిన బ్యాచ్‌వాళ్లు ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి, వాళ్లను సంప్రదించడానికి కేంద్రం ఒప్పుకుంటుందో చూడండి. ఎన్ని మెషిన్లు ఉన్నాయో ఆఫీసు గదిలో కాకుండా వర్క్‌షాప్‌లోకి వెళ్లి లెక్కపెట్టండి, ఒక్కొక్కరికీ రోజుకు ఎంతసేపు పని మీద చెయ్యి పెట్టనిస్తారో అడగండి. స్టైపెండ్ ఎంత, ఏ తారీఖున పడుతుంది, ఆలస్యమైతే ఎవరిని అడగాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. ప్లేస్‌మెంట్ అంటే ఎక్కడ, ఎంత జీతానికి, ఎన్ని నెలల కాంట్రాక్టు అని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వకండి. కాపీలు చాలు.

ఇంట్లో ఆ మూడు నెలలు ఎలా గడుస్తుందో చేరకముందే కూర్చుని లెక్క వేసుకోండి. గడవదనిపిస్తే సాయంత్రం బ్యాచ్ ఉందా, పని చేస్తూ నేర్చుకునే అప్రెంటిస్ సీటు ఉందా అని అడగండి. చాలా కేంద్రాల్లో అడిగినవాళ్లకే ఆ సంగతి చెబుతారు.